స్పైడర్‌మాన్ దారమూ, నేను చెప్పిన తప్పు జవాబూ

పిల్లలూ, ముందుగా ఒక సంగతి ఒప్పుకుంటాను. నాకు యాభై దాటాయి, జుట్టు నెరిసింది, బడిలో సైన్సు చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. అయినా బొమ్మల కథల పుస్తకం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. చిన్నతనంలో రైల్వేస్టేషను పుస్తకాల కొట్టు ముందు ఇంద్రజాల్ కామిక్సు కొనిపెట్టమని నాన్నగారి చొక్కా పట్టుకుని లాగినవాణ్ణి నేను. కనక దీన్ని మాస్టారి తీర్పు అనుకోకండి. ఒక అభిమాని అభిప్రాయం అనుకోండి. అభిమానం ఉన్నచోటే కోపం కూడా ఉంటుంది కదా!

కిందటేడు తొమ్మిదో తరగతిలో చలనం గురించి పాఠం చెబుతున్నాను. మూడో బెంచీలో ఒక అమ్మాయి తల వంచుకుని ఏదో చదువుకుంటోంది. వెళ్ళి చూస్తే నోట్సు పుస్తకం మధ్యన స్పైడర్‌మాన్! అమెరికాలో ఉంటున్న వాళ్ళ బాబాయి సెలవులకు వస్తూ తెచ్చిన పుస్తకమట. నేను అందరు మాస్టార్లలాగే పుస్తకం లాక్కున్నాను. కాని బల్ల మీద పెట్టబోతూ అట్ట చూసేసరికి ఆగిపోయాను. అది 'ది అమేజింగ్ స్పైడర్‌మాన్' 121వ సంచికకు పునర్ముద్రణ. ఆ సంచిక మొదట 1973 జూన్ తేదీతో వెలువడింది. గెర్రీ కాన్వే కథ రాశాడు, గిల్ కేన్ బొమ్మలు గీశాడు. బొమ్మల కథల లోకంలో దానికున్నంత పేరు చాలా కొద్ది సంచికలకే ఉంది.

కథ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. గ్రీన్ గాబ్లిన్ అనే దుష్టుడు కథానాయకుడి స్నేహితురాలు గ్వెన్ స్టేసీని ఎత్తుకుపోయి, వంతెన గోపురం మీది నుంచి కిందికి తోసేస్తాడు. స్పైడర్‌మాన్ తన మణికట్టు నుంచి సాలీడు దారం విసురుతాడు. దారం ఆమె కాళ్ళకు చుట్టుకుంటుంది. నీళ్ళను తాకకముందే ఆమె ఆగిపోతుంది. పైకి లాగి చూస్తే ప్రాణం లేదు.

ఆ అమ్మాయి లేచి నిలబడి, ఏ భయమూ లేకుండా, "సార్, నీళ్ళలో పడకముందే పట్టుకున్నాడు కదా, మరి ఎందుకు చచ్చిపోయింది?" అని అడిగింది.

నేను క్షణం కూడా ఆలోచించలేదు. "అంత ఎత్తు నుంచి పడేటప్పుడే భయంతో గుండె ఆగిపోయి ఉంటుంది" అనేశాను. నలభై మంది పిల్లలు తలూపారు.

ఇంటికి వెళ్ళి పుస్తకం తెరిస్తే సిగ్గేసింది. అందులో ఆ దుష్టుడు చెప్పే మాట కూడా అదే. అంత ఎత్తు నుంచి పడితే నేలను తాకకముందే ఎవరైనా చస్తారని వాడంటాడు. అంటే నేను తరగతిలో గ్రీన్ గాబ్లిన్ పాఠం అప్పజెప్పానన్నమాట!

వాడి మాట శుద్ధ అబద్ధం. అది రాసిన నాటికే అబద్ధం. అమెరికా వైమానిక దళానికి చెందిన జోసెఫ్ కిట్టింగర్ 1960 ఆగస్టు 16న బెలూనులో దాదాపు 31 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి, అక్కడి నుంచి దూకాడు. నాలుగున్నర నిమిషాలకు పైగా కిందికి పడుతూనే ఉండి, తరవాత పెద్ద పారాచూట్ విప్పుకుని క్షేమంగా దిగాడు. ఆయన 2022 దాకా జీవించాడు. పడటం వల్ల ఎవరూ చావరు. ప్రమాదమంతా ఆగడంలోనే ఉంది. ఎంత వేగంగా పడ్డామన్నది ఒక్కటే కాదు, ఎంత తొందరగా ఆగామన్నది చూడాలి.

లెక్క వేద్దాం, పెన్సిలు తీసుకోండి. పుస్తకంలో మాటలు అది జార్జి వాషింగ్టన్ వంతెన అంటాయి. బొమ్మ మాత్రం బ్రూక్లిన్ వంతెనలా ఉంటుంది. అది అభిమానుల పాత తగువు. మనం మాటల్నే నమ్ముదాం. ఆ వంతెన గోపురాలు నీటికి సుమారు 184 మీటర్ల ఎత్తున ఉంటాయి. గ్వెన్ 80 మీటర్లు పడ్డాక దారం అందుకుందని అనుకుందాం. గాలి అడ్డును వదిలేద్దాం. గురుత్వ త్వరణాన్ని 10 అని తీసుకుందాం. వేగం వర్గం అంటే రెండు రెట్లు గురుత్వ త్వరణం ఇంటూ దూరం. అంటే 2 × 10 × 80, మొత్తం 1600. దాని వర్గమూలం 40. సెకనుకు 40 మీటర్లు, మన వాడుకలో గంటకు 144 కిలోమీటర్లు. పడటానికి పట్టిన కాలం 4 సెకన్లు.

ఇప్పుడు దారం ఆమెను అర సెకనులో ఆపిందనుకోండి. 40 మీటర్ల వేగం అర సెకనులో సున్నా కావాలంటే రుణత్వరణం 80. ఇది గురుత్వ త్వరణానికి 8 రెట్లు. దీనికి తోడు ఆమె సొంత బరువును కూడా దారమే మొయ్యాలి కాబట్టి మొత్తం 9 రెట్లు. ఆమె బరువు 50 కిలోలనుకుంటే దారం లాగిన బలం 450 కిలోల బరువుతో సమానం. తొమ్మిది సిమెంటు బస్తాలు! అదీ కాళ్ళ దగ్గర. కాళ్ళు ఆగాయి, కాని తలకు ఆ సంగతి తెలియదు. జడత్వం వల్ల అది అదే వేగంతో పోవాలని చూస్తుంది. దాన్ని ఆపవలసిన భారమంతా సన్నని మెడ మీద పడింది. ఆ బొమ్మలో మెడ పక్కన చిన్న అక్షరాలతో 'స్నాప్' అని ఒక చప్పుడు రాసి ఉంటుంది. నేను ఇన్నేళ్ళూ దాన్ని గమనించనే లేదు. తరగతిలో గడుగ్గాయిలు మాత్రం గమనించారు.

మర్నాడు తరగతిలో ముందు నా తప్పు చెప్పాను. తరవాత ఒక పావుకిలో రాయిని కుట్టుమిషను దారంతో కిటికీ ఊచకు కట్టాను. మెల్లగా వేలాడదీస్తే దారం ఆగింది. అదే రాయిని ఊచ దాకా ఎత్తి వదిలితే పుటుక్కున తెగింది. అప్పుడు దారానికి నాలుగు రబ్బరు బ్యాండ్లు కలిపి కట్టి మళ్ళీ వదిలాం. రాయి కిందికీ పైకీ ఊగింది, దారం తెగలేదు. రాయి అదే, ఎత్తూ దాదాపు అంతే. మారింది ఆగడానికి పట్టిన దూరం ఒక్కటే. (మీరు చేసేటప్పుడు కాళ్ళు దూరంగా పెట్టుకోండి. మావాడొకడి బొటనవేలు కాస్తలో తప్పింది.)

మళ్ళీ గ్వెన్ దగ్గరికి వద్దాం. ఆమె 80 మీటర్లు పడ్డాక, దారం రబ్బరులా సాగుతూ ఇంకో 80 మీటర్ల దూరంలో మెల్లగా ఆపిందనుకోండి. అప్పటికి ఆమె 160 మీటర్లు దిగుతుంది, నీళ్ళు ఇంకా 24 మీటర్ల కిందే ఉంటాయి. దారం ఒకే బలంతో లాగిందనుకుంటే, అది ఆమె బరువుకు రెండింతలే. తొమ్మిది బస్తాలు రెండు బస్తాలయ్యాయి! ఎంత దూరం పడ్డామో అంత దూరంలో ఆగితే ఏ ఎత్తుకైనా ఇదే లెక్క వస్తుంది. కావాలంటే వేరే అంకెలు వేసుకుని చూడండి. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కోవడం, లాంగ్‌జంప్ గుంటలో ఇసుక పోయడం, హెల్మెట్టు లోపల నలిగిపోయే థర్మోకోలు పొర పెట్టడం, ఇవన్నీ ఆగే దూరాన్ని పెంచే ఉపాయాలే. మీ ఇంట్లో ఎవరైనా హెల్మెట్టును బండి అద్దానికి తగిలించి తిరుగుతుంటే వాళ్ళకు ఈ తొమ్మిది బస్తాల కథ చెప్పండి.

ఇక ఆ సంచిక మీద నా అభిప్రాయం. దాన్ని నేను మెచ్చుకుంటాను. సాలీడు కుట్టినంత మాత్రాన గోడలు పాకే శక్తి రావడం అసాధ్యమే. కాని ఆ ఒక్క అసాధ్యాన్ని మనం ఊరికే ఇచ్చేశాం, కథ కావాలి కాబట్టి. ఆ తరవాత న్యూటన్ సూత్రాలు వీరుడికీ వర్తించాయి. అతని ప్రేమను చూసి కూడా అవి కనికరించలేదు. అంతకన్నా నచ్చింది ఇంకోటి ఉంది. పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, కొన్ని నెలల తరవాత అదే పత్రిక ఉత్తరాల పేజీలో, ఉన్నట్టుండి ఆగడం వల్ల మెడకు తగిలిన కుదుపే ఆమె మరణానికి కారణమని సంపాదకులు రాశారు. దుష్టుడు చెప్పిన మాటను అలాగే వదిలెయ్యలేదు. తరవాత మిన్నెసోటా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు జేమ్స్ కకాలియోస్ ఈ పతనాన్ని పాఠంగా చెప్పి, 2005లో వచ్చిన తన 'ది ఫిజిక్స్ ఆఫ్ సూపర్‌హీరోస్' పుస్తకంలో కూడా చేర్చాడు. నేను పుస్తకం లాక్కున్నాను, ఆయన పాఠం చేసుకున్నాడు. తేడా మీకే తెలుస్తోంది.

అన్ని సంచికలూ ఇలా ఉంటాయా? ఉండవు. బొమ్మల కథలకు పెద్దదిక్కు సూపర్‌మాన్‌నే చూడండి. 1938 జూన్ నాటి 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఆయన్ను పరిచయం చేశారు. అప్పటికి ఆయన ఎగరలేడు, గెంతుతాడంతే. ఇంత బలం ఎలా వచ్చిందని ఎవరైనా అడుగుతారేమోనని అందులో 'శాస్త్రీయ వివరణ' అంటూ ఒకటి పెట్టారు. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది, మిడత తన పొడవుకు ఎన్నో రెట్లు గెంతుతుంది, ఈయనా అంతే అని! ఈ మాట ఇప్పటికీ నేను వింటూనే ఉన్నాను. సైన్సు ప్రదర్శనల్లో అట్టల మీద కూడా చూశాను. 'చీమ మనిషంత ఉంటే లారీని ఎత్తేస్తుంది' అని.

ఎత్తలేదు బాబూ! చీమను పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 100 రెట్లు పెంచండి. కండరం బలం దాని మందాన్ని, అంటే అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అది 100 × 100, అంటే 10,000 రెట్లు పెరుగుతుంది. బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. అది 100 × 100 × 100, అంటే 10 లక్షల రెట్లు పెరుగుతుంది. బలం కన్నా బరువు 100 రెట్లు ఎక్కువ పెరిగిపోయింది. చిన్నప్పుడు తన బరువుకు 10 రెట్లు మోసిన చీమ, పెద్దదయ్యాక తన బరువులో పదో వంతు కూడా మొయ్యలేక అక్కడే చతికిలబడుతుంది. చీమ బలానికి రహస్యం అది చిన్నదిగా ఉండటమే. ఏనుగు కాళ్ళు స్తంభాల్లా, జింక కాళ్ళు పుల్లల్లా ఎందుకుంటాయో ఆలోచించండి. గెలీలియో 1638లోనే తన పుస్తకంలో పెద్ద జంతువుల ఎముకలను గురించి ఇదే వాదం చేశాడు. సీగెల్, షుస్టర్ ఇద్దరూ కుర్రవాళ్ళు, వాళ్ళమీద నాకేం కోపం లేదు. కాని దానికి 'శాస్త్రీయం' అనే ముద్ర వేశారు చూడండి, అక్కడే నాకు కష్టమేస్తుంది. మంత్రమని చెప్పి ఉంటే హాయిగా చదువుకునేవాణ్ణి.

అదే పత్రిక మరో సంచికతో ఆ అప్పు తీర్చేసుకుందని నేనంటాను. 2012 నవంబరులో వచ్చిన 'యాక్షన్ కామిక్స్' 14వ సంచిక. అందులో చివర ఒక చిన్న కథ ఉంది. షోలీ ఫిష్ రాశాడు. సూపర్‌మాన్ న్యూయార్కులోని హేడెన్ ప్లానిటేరియానికి వెళతాడు. తాను పసిబిడ్డగా ఉన్నప్పుడే పేలిపోయిన తన గ్రహం క్రిప్టాన్‌ను చూడాలని. ఎప్పుడో పేలిపోయిన గ్రహాన్ని ఇప్పుడెలా చూస్తాడు? అక్కడే ఉంది అందం! ఆ పేలుడు వెలుగు భూమిని చేరడానికి 27 ఏళ్ళు పట్టింది. పసివాడు రాకెట్‌లో ముందే వచ్చేశాడు. వెలుగు తన దారిన తాను నడుచుకుంటూ, అతను పెద్దవాడయ్యాక ఇప్పుడు వచ్చింది.

ఈ కథ కోసం ఆ ప్లానిటేరియం డైరెక్టరు, ఖగోళ శాస్త్రజ్ఞుడు నీల్ డిగ్రాస్ టైసన్ నిజమైన నక్షత్రాన్నే వెతికి ఇచ్చాడు. దాని పేరు ఎల్‌హెచ్ఎస్ 2520. అది ఎర్ర మరుగుజ్జు నక్షత్రం. ఆ కథ కోసం చెప్పిన లెక్కలో దాని దూరం 27.1 కాంతి సంవత్సరాలు, అంటే ఇంచుమించు 256 లక్షల కోట్ల కిలోమీటర్లు. కథానాయకుడి వయస్సుకు సరిపోయే దూరంలో నక్షత్రాన్ని ఎంచారన్నమాట. రాకెట్ కాంతి కన్నా వేగంగా రావడం అసాధ్యం కదా అంటారా? అసాధ్యమే. అది మనం ఊరికే ఇచ్చిన ఒక్క అసాధ్యం. కాని వెలుగు దగ్గర మాత్రం అణా పైసలతో సహా లెక్క అప్పజెప్పారు. అంత దూరాన పేలిన చిన్న గ్రహం మామూలు దూరదర్శినికి ఆనదని కూడా కథకు తెలుసు. అందుకే ప్రపంచంలోని దూరదర్శినులన్నిటినీ కలిపి ఒకే కన్నులా వాడతారు. రేడియో దూరదర్శినులతో ఈ పని నిజంగానే చేస్తున్నారు. 2019 ఏప్రిల్‌లో వెలువడిన మొట్టమొదటి కృష్ణబిలం చిత్రం అలా వేర్వేరు ఖండాల్లోని కేంద్రాలను కలిపి సాధించినదే. మామూలు వెలుగుతో భూగోళమంత ఎడాన ఆ పని చెయ్యడం ఇంకా మనకు చేతకాలేదు.

ఆ నక్షత్రం ఉన్న చోటు మన తాతలకు బాగా తెలుసు. పాశ్చాత్యులు కాకి అని పిలిచే ఆ రాశిలోని ఐదు చుక్కలే మన హస్తా నక్షత్రం. హస్త కార్తె అంటే మీ ఇంట్లో రైతులెవరైనా ఉంటే చెబుతారు. ఆ కార్తెలో సూర్యుడు అటువైపే ఉంటాడు కనక అప్పుడు చుక్కలు కనబడవు. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిది దాటాక డాబా ఎక్కి దక్షిణం వైపు చూడండి. ప్రకాశంగా మెరిసే చిత్తా నక్షత్రానికి కుడివైపున కొంచెం కిందుగా, వంకర చతురస్రంలా నాలుగు చుక్కలు కనిపిస్తాయి. పైన కుడి మూలన ఉన్న చుక్కకు మరికాస్త పైన, ఆ సూపర్‌మాన్ నక్షత్రం ఉంటుంది. వట్టి కంటికి కనపడదు, చాలా మసకది. కాని ఆ చోటు మీకు తెలుస్తుంది. ఈ రాత్రి అక్కడి నుంచి వచ్చే వెలుగు మీరు పుట్టకముందే, బహుశా మీ అమ్మానాన్నలు మీలా బడికి వెళ్ళే రోజుల్లో బయలుదేరింది.

అందుకే ఆ చిన్న కథ మీద నాకంత ఇష్టం. బాణం వెయ్యలేదు, గుద్దులాట లేదు. ఒక మనిషి ఇల్లు తగలబడుతున్న వెలుగును 27 ఏళ్ళ తరవాత నిలబడి చూస్తాడు. కాంతి వేగానికి హద్దు లేకపోతే ఈ కథే లేదు. సైన్సు తీసేస్తే కన్నీరూ పోతుంది.

ఈమధ్య వస్తున్న సంచికల మీద మాత్రం నాకు సణుగుడుంది. 2024 జనవరిలో మొదలైన కొత్త 'అల్టిమేట్ స్పైడర్‌మాన్' మొదటి సంచిక చదివాను. అందులో స్పైడర్‌మాన్ భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్న సంసారి. నా వయసు వాళ్ళకు నచ్చుతుంది, నాకూ నచ్చింది. కాని అదీ వేరే విశ్వమే! ఈ 'వేరే విశ్వం' అనేది మరీ చవకైపోయింది. 2014లో గ్వెన్ స్టేసీని కూడా ఒక వేరే విశ్వంలో సాలీడు కుట్టిన వీరవనితగా తీసుకొచ్చారు. విశ్వాలు అనేకం ఉండవచ్చునని కొందరు భౌతిక శాస్త్రజ్ఞులు ఆలోచిస్తున్న మాట నిజం. ఉన్నట్టు ఋజువు మాత్రం లేదు. ఉన్నా, అవి రచయితల చేతిలో రబ్బరు ముక్కలు కాకూడదు. లెక్క తప్పినప్పుడల్లా పేజీ చెరిపేసి కొత్త విశ్వంలో మొదలుపెడితే ఇక 80 మీటర్లకూ 184 మీటర్లకూ విలువేముంది?

ఈ మాట తరగతిలో అంటే మా మూడో బెంచీ అమ్మాయి ఒప్పుకోలేదు. "చచ్చిపోవడానికే గ్వెన్‌ని పెట్టారు సార్ ఆ కథలో. ఈ గ్వెన్ తనే దారం విసురుతుంది" అంది. నాకు జవాబు తట్టలేదు. ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

పుస్తకం ఆమెకు తిరిగి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు తొమ్మిది బస్తాల లెక్క ఉన్న కాగితం కూడా లోపల పెట్టాను. వారం తిరక్కుండానే ఇంకో బొమ్మల పుస్తకం పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. మేడ మీది నుంచి ఒకడు పడుతున్నాడు, పక్కనే పెద్ద బుడగలో వాడి మాటలున్నాయి. "సార్, మేడ 20 మీటర్లనుకున్నాను, 2 సెకన్లలో పడిపోతాడు. ఈ మాటలు గడియారం పెట్టుకుని గబగబా చదివినా నాకు 9 సెకన్లు పట్టింది. ఇదెలా?" అని అడిగింది. నలభై ఏళ్ళుగా కామిక్సు చదువుతున్నాను, ఆ లెక్క నాకెప్పుడూ తోచలేదు.